అత్త వేళ్ళు

అబద్ధమాడి హాయిగా తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను. నేను చెప్పింది అబద్ధం కూడా కాదు, అదే నా ఖర్మ. రెండే రెండు మాటలు. వాటిలో పొల్లు లేదు. ఆ రెండు మాటలతో ఒక మనిషికి ఆరేళ్ళ జీవితం లేకుండా చేశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పగలిగింది నేనొక్కదాన్నే, ఎందుకంటే ఇంకెవరికీ తెలియదు. తెలిసిన నేనేమో ఆరేళ్ళూ నీళ్ళు నములుతూ కూర్చున్నాను.

ముందు ఆవిడ గురించి చెప్పనివ్వండి. నా గోల ఎప్పుడూ ఉండేదే.

మా పంటల పరిశోధన కేంద్రంలో అందరూ ఆవిడని వేళ్ళత్త అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని ఆవిడ చేతులవైపు దొంగచూపులు చూసేవాళ్ళు, ఆరో వేలు ఏమైనా ఉందేమోనని. ఆ వేళ్ళు కాదు, మొక్కల వేళ్ళు. ఏ కొమ్మ ముక్కయినా ఆవిడ చేతిమీదుగా ఇసుకలోకి వెళ్ళిందంటే వేళ్ళు పెట్టాల్సిందే. గులాబీలకో మందారాలకో అయితే గొప్పేముంది, మా అమ్మ కూడా చేస్తుంది. వేళ్ళత్త చేసేది శనగకి, కందికి, అలసందకి. గింజ వేస్తే మొలిచే పప్పుజాతి మొక్కలకి కొమ్మలు గుచ్చి తంటాలు పడటమేమిటని చేరిన రోజున నేనూ నవ్వాను.

"గింజలో పిల్ల వస్తుందే," అంది ఆవిడ. "పిల్ల తల్లిలా ఉండొచ్చు, తండ్రిలా ఉండొచ్చు, ఎవరి పోలికా లేకుండా మా ఆడపడుచులా తయారవొచ్చు. కొమ్మలో వచ్చేది తల్లే. అచ్చం తల్లే. మన డాక్టరమ్మకి కావాల్సింది పిల్ల కాదు చిట్టీ, తల్లి ఇంకో పదిసార్లు కావాలి."

చిట్టీ అంటే నేను. మొక్కలకి చీటీలు రాసి కట్టడం, రిజిస్టరు నింపడం నా పని. చీటీలు రాసే పిల్ల కాబట్టి చిట్టీ అని ఆవిడే పెట్టింది. అప్పటికే నాకు ముప్పై దాటాయి. అయినా ఎందుకో వద్దనలేదు.

డాక్టరమ్మ అంటే కొత్త రకాలు తయారుచేసే శాస్త్రవేత్త. మనుషుల డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా కాపలా ఆయన తన మోకాలి నొప్పి ఆమెకే చూపించేవాడు. మంచి మనిషే గానీ పనిలో పొరపాటు జరిగితే మాత్రం నిప్పులు కక్కేది.

పొద్దున్నే అత్త పని చూడాలి మీరు. ఎండ ఎక్కకముందే గ్లాస్‌హౌస్‌లోకి వెళ్ళి శనగ మొక్కల ముందు నిలబడేది. పూత రాని కొమ్మనే ఎంచుకునేది, ఎందుకంటే పూత మొదలైన కొమ్మ ఇక వేళ్ళు పెట్టదు. కొత్త బ్లేడుతో కణుపు కింద ఏటవాలుగా ఒక్కటే కోత. కింది ఆకులు తుంచి, కోసిన చివరని వేళ్ళు పుట్టించే మందు పొడిలో అద్ది, తడి ఇసుకలో పెన్సిలుతో చేసిన గుంటలో నిలబెట్టేది. పైన ప్లాస్టిక్ మూత. అక్కడి నుంచి తిట్లు మొదలు. "ఏమే, ఎన్నాళ్ళు కూర్చుంటావ్ ఊరికే? పక్కదాన్ని చూసి నేర్చుకో!" రెండు మూడు వారాలు ఆ తిట్లు తిన్నాక ఏ కొమ్మయినా దారికి వచ్చేది.

శనగ ఆకు మీద పొద్దుటిపూట పుల్లటి నీరు ఊరుతుంది. రోజూ దాన్ని ముట్టుకుంటే చర్మం పగులుతుంది. చేతికి తొడుగులు ఇస్తే అత్త జేబులో పెట్టుకునేది. "తొడుక్కుంటే కొమ్మ ముదురో లేతో నాకెలా తెలుస్తుందే?" అనేది. అందుకని ఆవిడ వేళ్ళ చివర్లు ఏడాది పొడుగునా బీటలు వారే ఉండేవి.

ఆరేళ్ళ కిందట డాక్టరమ్మ దగ్గర ఒక మొక్క ఉండేది. అడవి శనగకీ పొలం శనగకీ పెళ్ళి చేసి, ఎనిమిదేళ్ళు తంటాలు పడితే బతికి బట్టకట్టింది అదొక్కటే. దాని వేరు బాగా లోతుకి వెళ్తుందని, వానలు లేకపోయినా అడుగు తడిని తాగి బతుకుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో తేలాలంటే మొక్కని పీకి, వేరు కడిగి, కొలవాలి. పీకితే మొక్క చస్తుంది. ఎనిమిదేళ్ళ మొక్కని ఎవరు పీకుతారు?

అందుకే కొమ్మలు. ముందు అత్త పది కొమ్మలు కోసి వేళ్ళు తెప్పించాలి. అవి నిలదొక్కుకున్నాక, మనిషి ఎత్తు ప్లాస్టిక్ గొట్టంలో పెరుగుతున్న తల్లి మొక్కని కొలతలాయనకి అప్పగించాలి. కొమ్మలకి పుట్టే వేళ్ళు అసలు వేరులా దిగవు కాబట్టి కొలత తల్లి మీదే చెయ్యాలి. కొలతలాయన ఆ గొట్టాన్ని నిలువునా చీల్చి, నీళ్ళతో మట్టి కడిగి, వేరు పొడవు చూసి, పొయ్యిలో ఆరబెట్టి తూకం వేస్తాడు. ఆ పని ఒకసారి జరిగాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఇదీ ఏర్పాటు.

అత్త పది కొమ్మలూ పెట్టింది. అవి పెట్టే రోజునే బ్లేడు జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. పగుళ్ళ చేతికి గాయం, దానిమీద ఆ పుల్లటి నీరు, ఇక చెప్పేదేముంది? వారానికి వేలు వాచి చీము పట్టింది, జ్వరం వచ్చింది. సెలవు పెట్టమంటే వినదు. "పది మంది పసిపిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టి నేనింట్లో పడుకోనా?" అని ఎదురు నన్నే కసిరింది.

పదకొండో రోజు పొద్దున ఆస్పత్రి నుంచి నేరుగా పనికి వచ్చింది, వేలికి ఇంత లావు కట్టుతో. నేను గుమ్మంలోనే ఆపి అడిగాను.

"ఏమన్నారత్తా?"

"ఏమంటారు? పదింట్లో తొమ్మిది బాగున్నాయి, ఒక్కటే కుళ్ళింది, అది తీసేయాలో ఉంచాలో ఎల్లుండి చెప్తారట," అని నవ్వింది. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గంట తర్వాత డాక్టరమ్మ ఫోను. ఆమె ఎక్కడో సమావేశంలో ఉంది, వెనకాల జనం గోల, మాట తెగి తెగి వస్తోంది.

"అత్త వేళ్ళెలా ఉన్నాయి?" అని అడిగింది.

ఇక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. మా ఆఫీసులో 'అత్త వేళ్ళు' అంటే అత్త పెట్టిన కొమ్మల ట్రే. అందరం అలాగే అనేవాళ్ళం, రిజిస్టరులో నేనే అలా రాసిన పేజీలు ఉన్నాయి. కానీ ఆ పొద్దున నా కళ్ళ ముందు ఉన్నది ఆ కట్టు కట్టిన వేలు. నా నోట్లోంచి ఏమొచ్చిందో వినండి.

"పదింట్లో తొమ్మిది బాగున్నాయి మేడమ్. ఒక్కటే కుళ్ళిందట."

"తొమ్మిదా! అమ్మయ్య, బతికించింది మహాతల్లి. అయితే ఇంకేం ఆలోచించకు, తల్లిని ఇవాళే కొలతలకి పంపించెయ్. అవతల పూత మొదలైపోతోంది." ఫోను తెగిపోయింది.

వేలు బాగుందంటే తల్లి మొక్కని పంపమనడమేమిటని నాకు అనిపించాలి కదా? అనిపించలేదు. అదొక సంగతి, ఇదొక సంగతి అనుకున్నాను. చీటీ రాసి కొలతలాయన చేతిలో పెట్టి వచ్చాను. భోజనం చేసి రెండింటికి గొట్టం చీలుస్తానన్నాడు ఆయన. ఇంతవరకూ జరిగింది పొరపాటు. దీనికి నన్నెవరూ ఉరితీయరు.

ఒంటిగంటకి భోజనాల గదిలో అత్త పక్కన కూర్చున్నాను. ఆవిడ డబ్బా మూత కూడా తియ్యలేదు.

"పదకొండు రోజులైంది చిట్టీ," అంది. "ఇవాళ రెంటిని లేపి చూశా. చిన్న బుడిపె తప్ప ఏమీ లేదు. ఒక్కదానికీ వేళ్ళు రాలేదు. డాక్టరమ్మ ఫోన్ చేస్తే ఇంకో పది రోజులు ఆగమని చెప్పు."

చేతిలోని ముద్ద డబ్బాలోనే వదిలేశాను. వేళ్ళు. తొమ్మిది. డాక్టరమ్మ దేని గురించి అడిగిందో, నేను దేని గురించి చెప్పానో అప్పుడు తెలిసింది. తల ఎత్తితే గోడ గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. కొలతల షెడ్డు ఆ గదికి రెండొందల అడుగుల దూరం. లేచి వెళ్ళి "ఆగండి" అంటే చాలు. పరిగెత్తక్కర్లేదు కూడా.

లేవలేదు.

అంతకుముందు వారమే రెండు ట్రేల చీటీలు తారుమారు చేశాను. డాక్టరమ్మ అందరి ముందూ, "ఇంకొక్క తప్పు జరిగిందంటే ఈ పనికి ఇంకొకర్ని చూసుకుంటాను," అంది. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. ఇప్పుడు షెడ్డుకి వెళ్తే ఎందుకు ఆపావని అడుగుతారు, చెప్పాలి, చెబితే నా పని అయిపోతుంది. ఊరుకుంటేనో? అత్త పెట్టిన కొమ్మలు కదా, నాలుగు రోజులు అటో ఇటో, ఎలాగూ వేళ్ళు వస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు. సిగ్గు లేకుండా ఆవిడ పనితనం వెనక దాక్కున్నాను. కుళాయి దగ్గర నా డబ్బా ఒకసారి కడిగాను, మళ్ళీ కడిగాను. అక్కడి నుంచి కదిలేసరికి రెండుంపావు అయింది.

సాయంత్రం కొలతలాయన గంతులు వేస్తూ వచ్చాడు. వేరు నూట అరవై రెండు సెంటీమీటర్లు! గొట్టం అడుగు తాకి, చోటు చాలక చుట్టలు చుట్టుకుందట. ఆ కేంద్రంలో ఎన్నడూ అంత పొడుగు శనగ వేరు చూడలేదట. ఆ అంకె నా చేత్తోనే రిజిస్టరులో రాశాను.

కొమ్మలకి వేళ్ళు రాలేదు. ఒక్కొక్కటే మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోయాయి. జ్వరంతో అత్త చెయ్యి వణికి మందు సరిగా అంటలేదో, అడవి పోలిక కొమ్మలు కాబట్టి మొండికేశాయో, ఎవరికి తెలుసు? నాలుగో రోజు డాక్టరమ్మ ఊరి నుంచి వచ్చి నేరుగా గ్లాస్‌హౌస్‌కే వెళ్ళింది. నన్ను పిలిపించారు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తొమ్మిది బాగున్నాయని చెప్పావు కదా నువ్వు?"

అత్త అక్కడే ఉంది, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అత్తే చెప్పింది," అన్నాను.

ఆ రెండు మాటలే. అత్త చెప్పిందా? చెప్పింది. తొమ్మిది బాగున్నాయని చెప్పిందా? చెప్పింది.

ఆవిడ నావైపు తిరిగింది. "నేనా?" అంది. తర్వాత ఆ పొద్దుటి కోసం లోపల వెతుక్కోవడం నాకు కళ్ళారా కనిపించింది. జ్వరం, ఆస్పత్రి, గుమ్మం, నేను. మాట దొరికింది, దాని అర్థం దొరకలేదు. "అవును మేడమ్, అన్నాను," అంది నెమ్మదిగా. "పదింట్లో తొమ్మిది బాగున్నాయన్నాను. అన్నట్టు గుర్తుంది. ఎందుకన్నానో తెలీదు. ఒక్కదానికీ లేవు కదా, నేనే చూశాను కదా. మరెందుకన్నాను?" భోజనాల గదిలో వేళ్ళు రాలేదని నాతో అన్న సంగతి ఆ కంగారులో ఆవిడకి తట్టలేదు, నేను గుర్తుచెయ్యలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మట్టి చేతులతోనే మొహం కప్పుకుని అక్కడున్న పీట మీద కూర్చుండిపోయింది.

అత్త వాళ్ళమ్మకి యాభై అయిదో ఏట మతిమరుపు మొదలై, చివరికి కన్నకూతుర్నే ఎవరమ్మా నువ్వు అని అడిగేదని అంతకుముందు ఎన్నోసార్లు నాతో చెప్పింది. అప్పుడు అత్తకి యాభై నాలుగు.

మర్నాడే వెళ్ళి కొమ్మల పని తనకి వద్దని చెప్పింది. గింజలు ఏరే గదికి మారింది. నా బల్ల ఆ గది పక్కనే. ఇక రోజూ ఇదే: "చిట్టీ, కుళాయి కట్టానా?" "కట్టావత్తా." "చిట్టీ, తాళం వేశానా?" "వేశావత్తా." అన్నీ చక్కగానే చేసేది, ఒక్కటి కూడా మర్చిపోయేది కాదు. అయినా అడిగేది, నన్నే అడిగేది, నా మాట మీద అంత నమ్మకం. ఎంత ఓపికగా జవాబిచ్చేదాన్నో! అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా, సొంత మేనకోడలు కూడా ఇలా చూసుకోదని. ఆ మెప్పు విని ఇంటికెళ్ళి అన్నం మానేసిన రోజులున్నాయి. మళ్ళీ పొద్దున్నే వెళ్ళి, "వేశావత్తా," అనేదాన్ని. ఏడాది తిరక్కుండానే ఆవిడ పని మానేసి కూతురి ఇంటికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మకి మూడేళ్ళకి అలాంటి మొక్క ఇంకొకటి దొరికింది. దాని కొమ్మలు వేళ్ళు పెట్టాయి, గింజలూ వచ్చాయి. ఆ బెంగ తీరింది కదా, ఇక తవ్వుకోవడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న బుధవారం అత్త కూతురు మా ఆఫీసుకి వచ్చింది. చేతిలో ఆస్పత్రి కాగితాలు.

"అక్కా, ఒక సాయం చెయ్యాలి," అంది. "అమ్మని పెద్ద డాక్టరుకి చూపిస్తున్నాం. అన్ని పరీక్షలూ చేశారు, ఏమీ లేదంటున్నారు. అమ్మేమో నమ్మదు. స్టవ్ ముట్టుకోదు, వీధిలోకి ఒంటరిగా రాదు. మా పాపకి అయిదేళ్ళు, ఒక్కసారి కూడా దాన్ని ఒంటరిగా ఎత్తుకోలేదు తెలుసా? ఎక్కడైనా దింపి మర్చిపోతానేమోనట. మతిమరుపు సరిగ్గా ఏ రోజు మొదలైందో రాసుకురమ్మన్నాడు డాక్టరు. అమ్మ అంది, చిట్టీ రిజిస్టరులో ఉంటుంది, అడుగు అని."

రిజిస్టరు తీశాను. తేదీ ఉంది. నూట అరవై రెండు కూడా ఉంది. ఆ తేదీని ఆ కాగితం మీదికి ఎక్కించడానికి నా చెయ్యి రాలేదు. పోయింది మొక్కా, ఆవిడ ఉద్యోగమూ అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఛీ, ఏం మనిషిని నేను!

"ఆదివారం నేనే వచ్చి చెప్తానమ్మా," అన్నాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు వెనకా, స్విచ్చుల పక్కనా, కుళాయి మీదా చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి: 'ఆపానా?', 'మూశానా?' అన్నీ అత్త చేతిరాత. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది, జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి మొహం విప్పారింది. "చిట్టీ! ఎంత చిక్కిపోయావే!" అని చేతులు పట్టుకుంది. పాప ఆవిడ కాళ్ళ దగ్గర రంగులు వేసుకుంటోంది.

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఫోనూ, వేళ్ళూ, తొమ్మిదీ, ఒంటిగంటా ఇరవై, "అత్తే చెప్పింది", అన్నీ.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"మళ్ళీ చెప్పు. డాక్టరమ్మేమడిగింది, నువ్వేమన్నావు, మాట మాటా చెప్పు."

మళ్ళీ చెప్పాను. "అత్త వేళ్ళా?" అని ఒక్కసారి పెద్దగా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అయితే నేను అన్నది నా వేలి సంగతి. సరిగ్గానే అన్నాను."

"సరిగ్గానే అన్నావత్తా."

"నా బుర్ర బాగానే ఉందా?"

"ఎప్పుడూ బాగానే ఉంది."

"నీకు ఆ రోజే తెలుసు."

"తెలుసు."

"తాళం వేశానా అని నిన్ను అడిగాను చూడు, రోజూ. అప్పుడూ తెలుసు."

తల ఊపాను. క్షమించమనే మాట నాలిక చివరిదాకా వచ్చింది గానీ, ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

ఆవిడ కూతుర్ని వంటింట్లోంచి పిలిచింది. "ఇలా రా. ఈ అమ్మాయి ఒక మాట చెప్తుంది, విను," అంది. చిట్టీ అనలేదు. నేను మూడోసారి చెప్పాను, మొదటి నుంచీ చివరిదాకా. కూతురు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

అత్త లేచింది. పాప చేతిలోంచి రంగు పెన్సిలు తీసి పక్కన పెట్టింది.

"చెప్పులేసుకోవే బంగారం. అలా బయటికెళ్ళొద్దాం."

"అమ్మ కూడా వస్తుందా?" అంది పాప.

"అమ్మెందుకు? నేనున్నాగా."

కూతురు ఒక అడుగు ముందుకు వేసి, తలుపు పట్టుకుని ఆగిపోయింది. అత్త పాప చెప్పుల పట్టీలు తనే వంగి పెట్టింది, తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది. గుమ్మం దాటి, నావైపు తిరగకుండానే అంది.

"మేమొచ్చేసరికి నువ్వు ఉండకు."

మెట్ల మీద పాప గొంతు వినిపిస్తూ ఉంది, ఒక్కో మెట్టు లెక్కపెడుతోంది. అది ఆగిపోయేదాకా నేను కదల్లేదు, దారిలో వాళ్ళకి ఎదురుపడతానేమోనని.